తుంగభద్ర ఒడ్డున మా రేకుల గది

"మీకు మాన్వి దగ్గర ఇల్లుందటగా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేను. ఉందంటే ఉంది, లేదంటే లేదు. గది మాది. దాని కింద ఉన్న నేల మాది కాదు.

పెద్ద భవనాలు కట్టేచోట ఇంజనీర్లు కూర్చోవడానికి రేకుల గదులు పెడతారు, చూసే ఉంటారు. అలాంటిదే, 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న పాత గదిని 2017లో 80,000 రూపాయలకు కొన్నాను. లారీ మీద తెప్పించి, మాన్వి తాలూకాలో తుంగభద్ర ఒడ్డున ఒక కన్నడ రైతు పొలంలో, వేపచెట్టు కింద దింపించాను. స్థలానికి ఏడాదికి 6,000 రూపాయలు కౌలు. ఏటా ఉగాదికి ఇవ్వాలని మాట.

మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఇన్నేళ్ళు ఊరందరికీ ఇళ్ళ అప్పులిచ్చి, చివరికి మనకు రేకుల డబ్బానా?" అంది. నిజమే. దీనికి ఏ బ్యాంకూ ఇంటి రుణం ఇవ్వదు. తాకట్టు పెట్టడానికి భూమి ఉండాలి కదా! బి.కాం. చదివిన బుద్ధి ఊరుకోదు కాబట్టి ఏటా పది శాతం తరుగుదల కూడా లెక్క కట్టేవాణ్ణి. ఏడేళ్ళకు పుస్తకాల్లో దాని విలువ 24,000.

ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోనులో విని, "నాన్నా, ఇక్కడా ఇలాంటివే ఉన్నాయి" అన్నాడు. అక్కడ నదుల పక్కన, సముద్రం పక్కన సెలవుల పార్కులుంటాయట. వాటిలో చక్రాలుండీ కదలని కారవాన్లు వరసగా నిలబెడతారు. కారవాన్ కొన్నవాడిది, స్థలం పార్కు వాళ్ళది. ఏటా అద్దె కట్టాలి. చలికాలంలో చాలా పార్కులు కొన్ని వారాలు మూసేస్తారు. కారవాన్ పాతబడితే తీసేయమంటారు. "మన కౌలే కదరా!" అన్నాను.

మా గదికి చలికాలంతో పేచీ లేదు. ఎండాకాలంతోనే. రాయచూరు జిల్లా ఏప్రిల్‌లో రేకుల గది అంటే పెనం మీద కూర్చోవడమే. రేకుల మీద వరిగడ్డి పరిచాక కాస్త నయం. వానాకాలంలో ఇంకో తంటా. రేగడి నేలలో కారు దిగబడిందంటే ట్రాక్టరు రావాల్సిందే. తలుపు తీయగానే ముందు తేళ్ళున్నాయేమో చూసుకోవాలి. అయినా కార్తీక మాసంలో తెల్లవారుజామున లేచి, కాఫీ గ్లాసు పట్టుకుని నది వైపు కూర్చుంటే ఈ తంటాలేవీ గుర్తు రావు.

ఇటుకలతో కట్టుకోవచ్చుగా అని కొందరు అడిగారు. 2009 అక్టోబరు మొదట్లో వచ్చిన వరద చూసినవాళ్ళు అలా అడగరు. మంత్రాలయం మునిగింది అప్పుడే. మా రైతు మోటారు కూడా ఆ వరదలోనే కొట్టుకుపోయింది. ఆ ఒడ్డున ఉంటే కదిలే గదే ఉండాలి.

ఇక ఆ రైతుకూ మాకూ ఉన్న సంబంధం చెప్పాలి. 1953లో తుంగభద్ర డ్యాము నుంచి నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ కింద భూములకోసం కోస్తా జిల్లాల నుంచి ఎందరో వచ్చారు. మా నాన్నగారు 1962లో గుంటూరు వైపు నుంచి వచ్చారు. కాలువ కింద పొలం అమ్మింది ఈ రైతు తండ్రే. మావాళ్ళు మొదట పాకలు వేసుకున్నారు కాబట్టి ఊరికి క్యాంపు అని పేరు పడింది. పాకలు పోయి డాబాలు వచ్చినా ఆ పేరు పోలేదు. నాన్నగారి జబ్బుకూ చెల్లెలి పెళ్ళికీ 1998లో మేము ఆ పొలం అమ్మేశాం. ఆయన తర్వాత ఆరు నెలలే బతికారు. కొనడానికి వచ్చినవాళ్ళ కొడుకు, చివరికి అమ్మినవాళ్ళ కొడుకు దగ్గర కౌలుదారు అయ్యాడన్నమాట.

2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 33 గేట్లలో 19వది కొట్టుకుపోయింది. మర్నాడు ఆదివారం. దిగువ వాళ్ళను జాగ్రత్తగా ఉండమంటున్నారని రాయచూరులో టీవీ చూసి, రైతుకు ఫోను చేశాను. గది పోతే పోయిందిలే, 24,000 అనుకుంటున్నాను. కానీ లోపల గోడకు నాన్నగారి ఫొటో ఉంది. ఆ ఒక్కటే ప్రతి. దాన్ని నా లెక్కలో ఎక్కడా రాయలేదు.

"అణ్ణా, గాబరా పడకండి. అప్పగారి ఫొటో మా దేవుడి గదిలో పెట్టాను. గదిని కూడా జె.సి.బి.తో ఎత్తించి ట్రాలీలో మెరక పొలానికి తెచ్చేశాం" అన్నాడు. నేను అడగకముందే. నోట మాట రాలేదు.

వారం రోజుల్లో ఆ గేటు చోట తాత్కాలికంగా అడ్డు వేశారు. నీళ్ళు మా వేపచెట్టు దాకా రానే లేదు. జె.సి.బి. ఖర్చు ఇవ్వబోతే తీసుకోలేదు. మరైతే ఆ స్థలం నాకే అమ్మెయ్యరాదా, కాగితాలుంటే ఇద్దరికీ మంచిది కదా అన్నాను. బ్యాంకువాణ్ణి, అలవాటు. అతను నవ్వి, "హొల నమ్దు, రూము నిమ్దు. హొళి యార్దు?" అన్నాడు. పొలం మాది, గది మీది, నది ఎవరిది అని.

ఏం చెప్పను? పైన కర్ణాటకలో నీళ్ళు తాగించి, మా తాలూకాలోని రాజోలిబండ ఆనకట్ట నుంచి తెలంగాణలోని అలంపురం దాకా కాలువలో వెళ్ళి, మంత్రాలయం పక్కగా ఆంధ్రలో పారే నదిని ఎవరి పేర రాస్తాం?

కాగితాల మాట మళ్ళీ ఎత్తలేదు. గది తిరిగి వేపచెట్టు కిందికి చేరింది. ఉగాదికి కౌలు ఇవ్వడానికి వెళితే, అతను డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, కారులో అరబస్తా జొన్నలు వేయిస్తాడు. ఆ జొన్నల ఖరీదు తీసేస్తే నేను కట్టే కౌలు ఎంతో ఇంతవరకూ లెక్క కట్టలేదు. మా ఆవిడ మాత్రం "మీరు లెక్క కట్టనిది ఇదొక్కటే" అంటుంది.