ఏది ఖరాబైంది?

మన ఇళ్లల్లో ఒక మాట చాలా సులువుగా నోటికొస్తుంది. "ఖరాబైపోయింది." మిక్సీ తిరక్కపోతే మిక్సీ ఖరాబ్. ఫ్యాన్ చప్పుడు చేస్తే ఫ్యాన్ ఖరాబ్. మోకాళ్లు పట్టేస్తే మనిషే ఖరాబ్. 2001లో భారత్ గోల్డ్ మైన్స్ మూతపడి మా రామగిరి బంగారు గనుల్లో పని ఆగిపోతే, ఊరే ఖరాబైపోయిందన్నవాళ్లు ఉన్నారు. ఊరు ఉంది. కొండల మీద గాలిమరలూ తిరుగుతున్నాయి. ఏది ఖరాబైందో అడక్కుండా మొత్తాన్నీ ఖరాబ్ అనేయడం మనకు ఆదత్ అయిపోయింది. ఈ సంగతి నాకు మా వాషింగ్ మిషన్ దగ్గర బాగా తెలిసొచ్చింది.

మాది సెమీ ఆటోమేటిక్. ఒక తొట్టిలో ఉతుకుడు, పక్క తొట్టిలో పిండుడు. దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మా పాత అనంతపురం ఒకటి. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో, తనంతట తనే నీళ్లు పట్టుకునే మిషన్ ఏం ఫాయిదా? దీంట్లోనైతే బకెట్‌తో పోసుకోవచ్చు. తెల్లబట్టలు ఉతికిన సబ్బునీళ్లలోనే రంగుబట్టలు, వాటి తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టాలు. చివరికి ఆ నీళ్లు వాకిట్లోకి.

పిల్లల అబ్బా కువైట్ వెళ్లిన రెండో ఏడు పంపిన పైసలతో దీన్ని కొన్నాం. అక్కడ ఎండలో బండి నడిపి, తిండిలో కూడా కంజూసీ చేసి పంపిన పైసలు. మా అత్తగారి కోసమే పంపారు. ఆమెను నేనూ అమ్మీ అనే పిలుస్తాను. అమ్మీకి వేళ్ల కీళ్లు వాచి దుప్పట్లు పిండటం చేతకాకుండా పోయింది. మిషన్ వచ్చిన రోజు దాని మీద చెయ్యి పెట్టి కొడుక్కి చాలాసేపు దువా చేసింది.

మొన్న చలికాలంలో మిషన్ మొరాయించడం మొదలైంది. రెండు చొక్కాలేస్తే తిరుగుతుంది. దుప్పటి వేస్తే గుర్రుమంటుంది గానీ అడుగున చక్రం కదలదు. ఒకటే కీచుమని చప్పుడు, రబ్బరు కాలిన బద్బూ. పిండే తొట్టి మాత్రం భేషుగ్గా తిరుగుతోంది. ధర్మవరం నుంచి ఒక మెకానిక్ వచ్చాడు. వెనక మూత విప్పలేదు. మీట తిప్పి, చెవి పెట్టి విని, "మోటార్ పోయింది, దీని మీద ఖర్చు పెట్టడం దండగ. ఎక్స్చేంజ్‌లో కొత్తది తీసుకోండి" అని, వచ్చినందుకు మూడొందలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఫోన్లో చెప్తే అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరే, వచ్చే నెల పంపుతా. అమ్మీని మాత్రం ఉతకనియ్యొద్దు" అన్నారు. వచ్చే నెల అంటే ఆయన ఇంకో ఖర్చు ఆపుకుంటారని నాకు తెలుసు.

ఆ రెండు వారాలూ చేత్తోనే ఉతికాం. జుమెరాత్ వస్తే జుమాకు తెల్ల కుర్తాలు సిద్ధం కావాలి కదా. నేను ఫజర్ నమాజ్ తర్వాత మళ్లీ కాస్త నడుం వాల్చి లేచేసరికి అమ్మీ బండ దగ్గర కూర్చుని ఉంది. వేళ్లు ఎర్రగా ఉబ్బిపోయాయి. "నక్కో అమ్మీ, లేవండి" అన్నాను. "నేనెట్లా ఖరాబైపోయినదాన్నే, ఇంక ఈ చేతులను దాచుకుని ఏం చెయ్యాలి" అంది. డాక్టర్ దగ్గరికి రమ్మంటే కూడా ఏడాదిగా ఇదే జవాబు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మర్హూం అబ్బా దర్జీ. కాలితో తొక్కే కుట్టుమిషన్ ఆయనది. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, రెంటికీ మధ్య తోలు బెల్టు. బెల్టు సాగి జారుతుంటే పెడల్ ఎంత తొక్కినా సూది కదిలేది కాదు. అబ్బా ఎప్పుడూ మిషన్ పోయిందనలేదు. బెల్టును ముక్క కోసి, మళ్లీ పిన్ను వేసి బిగించేవారు. మిషన్ మళ్లీ టకటకా కుట్టేది. మా వాషింగ్ మిషన్ కీచుమన్నప్పుడల్లా నాకు ఆ జారుడే గుర్తొచ్చేది.

ఒక ఆదివారం నేనూ, పదో తరగతి చదివే మా బిటియా కలిసి పని మొదలుపెట్టాం. ప్లగ్ పీకాం. తొట్టిలో నీళ్లన్నీ తీసేశాం. వెనక మూతకున్న స్క్రూలు విప్పి ఒక గిన్నెలో వేశాం. బిటియా ఫోన్ లైటు పట్టింది. లోపల అడుగునంతా నల్లటి రబ్బరు పొడి. మోటార్‌కి ఒక చిన్న పుల్లీ, ఉతికే చక్రం కింద పెద్ద పుల్లీ, మధ్య బెల్టు వదులుగా వేలాడుతోంది. పక్కలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి, లోపలివైపు పగుళ్లు. పిండే తొట్టి బాగా తిరగడానికి కారణమూ అప్పుడే కనిపించింది. దానికి వేరే మోటార్ ఉంది, బెల్టుతో పనిలేదు.

ఈ బెల్టును వీ-బెల్టు అంటారు. కోస్తే 'వీ' ఆకారంలో ఉంటుంది. పట్టు దాని అడుగున ఉండదు, రెండు పక్కల్లో ఉంటుంది. పుల్లీ గాడిలో ఇరుక్కుని పక్కలతోనే లాగుతుంది. పక్కలు అరిగితే బెల్టు గాడిలో కిందికి దిగిపోయి జారుతుంది. మోటార్ తిరుగుతుంది, బరువు మాత్రం కదలదు. జారినప్పుడు పుట్టే వేడికే ఆ వాసన.

బెల్టు తీసేశాక, చేతులు దూరంగా పెట్టి, మోటార్ ఒక్కదాన్నే ఒక్క క్షణం ఆడించాం. రయ్యిమని తిరిగింది. వెంటనే ప్లగ్ మళ్లీ పీకాం. "అమ్మీ, మోటార్ సలామత్ ఉంది!" అని బిటియా అరిచింది. ఒకవేళ బెల్టు లేకుండా కూడా మోటార్ గుర్రుమని ఆగిపోయి ఉంటే, కెపాసిటర్‌నో మోటార్‌నో చూపించాల్సి వచ్చేది. కెపాసిటర్‌ను మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. ప్లగ్ పీకినా దాంట్లో కరెంటు నిలిచి ఉండొచ్చు.

పాత బెల్టు పట్టుకుని ధర్మవరం బస్సెక్కాను. బెల్టు మీద ఎం అనే అక్షరం, పక్కన పొడవు చెప్పే అంకె ఉంటాయి. ఎం-19, ఎం-20 అలా. పాత బెల్టును టేపుతో కొలిచి తెస్తే ధోకా అవుతుంది, ఎందుకంటే అది సాగి ఉంటుంది. అంకెనే నమ్మాలి. దుకాణాదారు అంకె చూసి కొత్తది తీసిచ్చాడు. నూట నలభై రూపాయలు.

బిగించడంలో హునర్ అంతా బిగువులోనే ఉంది. ముందు చిన్న పుల్లీకి తగిలించి, పెద్ద పుల్లీని చేత్తో మెల్లగా తిప్పుతూ దాని మీదికి ఎక్కించాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఎక్కిస్తే కొత్త బెల్టే తెగుతుంది. మోటార్ బోల్టులు కొంచెం వదులు చేస్తే మోటార్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. అంతకంటే వదులైతే మళ్లీ జారుతుంది. మరీ బిగిస్తే మోటార్ బేరింగుల మీద జులుం. రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఫ్రంట్‌లోడ్ వాటిలో గీతలు గీతలుగా ఉండే వెడల్పాటి బెల్టు ఉంటుంది. డైరెక్ట్ డ్రైవ్ మిషన్లలో అసలు బెల్టే ఉండదు.

ఇది మా ఒక్క ఇంటి మామ్లా కాదు. సామాన్లు బాగుచేయించుకునే హక్కు గురించి మన కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో కమిటీ వేసింది. అందులో ఇంటి సామాన్లూ ఉన్నాయి. ఆ డిసెంబర్‌లోనే దానికోసం పోర్టల్ కూడా తెరిచారు. ఫ్రాన్స్‌లో 2021లో ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మిషన్ల మీద, అది ఎంత సులువుగా బాగవుతుందో పదికి మార్కులేసి చూపించడం మొదలుపెట్టారు. హక్కు మంచిదే. కానీ ఆ హక్కు మనింట్లో మొదలయ్యేది, "మూత విప్పి చూపించు భయ్యా" అని మెకానిక్‌ని అడిగినప్పుడు. మగవాళ్లు పరదేశంలో ఉన్న ఇళ్లల్లో ఆ మాట ఔరతులే అడగాలి. అడగటంలో షరమ్ ఏమీ లేదు.

మూత బిగించి దుప్పటి వేశాం. చక్రం ఇటు తిరిగి, ఆగి, అటు తిరిగింది. అమ్మీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. పాత బెల్టును వేళ్ల మధ్య తిప్పి, "ఇంతేనా? దీనికా మిషన్ మొత్తం పారేయమన్నాడు?" అంది.

బిటియా ఊరుకోలేదు. "హౌ దాదీ, ఇంతేచ్. నువ్వూ మొత్తం ఖరాబ్ కాలేదు. ఏది అరిగిందో డాక్టర్ చెప్పనీ."

అమ్మీ నవ్వలేదు, కసురుకోలేదు. చాలాసేపు బెల్టునే చూసి, "ఎన్ని గంటలకు బస్సు?" అని అడిగింది.

సోమవారం అనంతపురం వెళ్తున్నాం. కొత్త మిషన్ కోసం ఆయన దాచిన పైసలు ఇప్పుడు అమ్మీ వైద్యానికి.