అల్లుడు గారిని లైసెన్సు అడగడానికి మొహమాటపడ్డాను



ఈసారి ధాన్యం గురించి కాదు, కారు గురించి రాస్తున్నాను. మన ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు సంక్రాంతికి వస్తారు. రాగానే కారు తాళాలు వాళ్ళ చేతిలో పెట్టేస్తాం. నేనూ అదే చేశాను.

మా అల్లుడు గారు పదకొండేళ్ళుగా అక్కడే ఉంటున్నారు. మొన్న కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరాం. "నేను నడుపుతాను మావయ్య గారూ" అన్నారు. మన వైపు అల్లుణ్ణి ఇంకో గారె వెయ్యమంటారా అని అడుగుతాం గానీ, లైసెన్సు ఉందా అని అడుగుతామా అండీ? ఊరుకున్నాను.

కాలవ గట్టు రోడ్డు, ఎదురుగా ఆటో వచ్చింది. మనం ఎడమకి తప్పుకోవాలి. అమెరికాలో రోడ్డుకి కుడి పక్కన నడుపుతారు. కంగారులో చేతికి ఆ అలవాటే వచ్చింది, ఆయన కుడికి తిప్పేశారు. ఆటో అబ్బాయి తన ఎడమకి తిప్పాడు. అంటే ఇద్దరూ కాలవ వైపే! కారు ఆటోని రాసుకుని ఆగింది. ఆటో ముందు చక్రం గట్టు అంచున ఉంది. లోపల ఐదుగురు, అందులో ఇద్దరు చంటిపిల్లలు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. మా మనవడు వెనక సీట్లో నిద్ర కూడా లేవలేదు. నాకు మాత్రం ఇంటికొచ్చినా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

ఆటో బాగుకి 6,500 ఇచ్చాను. ఇన్సూరెన్సు సంగతి కనుక్కుందామని తెలిసిన ఏజెంటు దగ్గరకి వెళ్తే, "నడిపినాయనకి లైసెన్సు ఉందా అండీ?" అన్నాడు. అమెరికా కార్డు చూపించాం. ఇక్కడి లైసెన్సు గడువు దాటి నాలుగేళ్ళు.

అప్పుడు తెలిసింది. యానాం పాండిచ్చేరి కిందకి వచ్చినా మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది, ఎందుకంటే అది దేశమంతా చెల్లేది. అమెరికా కార్డు ఒక్కటే పట్టుకుని ఇక్కడ నడపడం అలా కాదు. దాంతోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి. బయల్దేరే ముందే అక్కడ ట్రిపుల్ ఏ అనే సంస్థ దగ్గర తీసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. పర్మిట్, ఒరిజినల్ కార్డు రెండూ జేబులో ఉండాలి. లేదంటే మన లైసెన్సు బతికించుకోవాలి. గడువు దాటిన ఏడాదిలోపు అయితే రెన్యువల్ చేస్తారు, ఏడాది దాటితే మళ్ళీ డ్రైవింగ్ టెస్టే.

ఇంకో మాట. 2019లో చట్టం సవరించాక, లైసెన్సు లేకుండా నడిపినవాళ్ళకే కాదు, బండి ఇచ్చిన ఓనరుకీ 5,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఎవరికైనా ప్రాణం మీదకొస్తే ఇన్సూరెన్సు వాళ్ళు బాధితులకి కట్టి, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ ఆటో కాలవలో పడి ఉంటే నా ఎకరన్నర అమ్మినా సరిపోయేది కాదు. పోయిన ప్రాణాలు ఎటూ తిరిగి రావు.

అల్లుడు గారు ఏమీ అనుకోలేదండి. "మీరు అడిగి ఉండాల్సింది మావయ్య గారూ" అన్నారు. మిగిలిన రోజులు నేనే నడిపాను.

వచ్చే పండక్కి మీ పిల్లలు ఫోన్ చేసి "ఏం తెమ్మంటారు?" అని అడుగుతారు కదా. ముందు ఆ పర్మిట్ తెమ్మనండి. వచ్చాక తాళాలు ఇచ్చే ముందు ఒకసారి చూపించమనండి. మొహమాటపడకండి.