న్యాయమే గాని పద్ధతి బాగాలేదట

“విషయం న్యాయమే అన్నా, గాని అడిగే పద్ధతే బాగాలేదు” అని నగరసభ ముగిసి కారులో వచ్చుచుండగా మిత్రుడొకడు పలికిన మాట నన్నింకను కాల్చుచున్నది. నార్త్ కెరొలైనాలో మేమున్న పట్టణమున చౌక అద్దెల ఇండ్లు కూల్చు విషయమై ఆ రాత్రి పౌరులెవరైనను మాట్లాడవచ్చును. మనిషికి మూడు నిమిషములు. ఇస్త్రీ మడత నలగని కోటు తొడిగిన పెద్దమనిషి యొకడు, ఆ యిండ్లలోని జనమువలన తమ పేట విలువ పడిపోవుచున్నదని గొంతు హెచ్చింపకయే చెప్పి, అధ్యక్షుని కృతజ్ఞతలందుకొని కూర్చుండెను. పిమ్మట ఆ యిండ్లలోనే పిల్లలతో కాపురముండు నల్లజాతి స్త్రీ లేచి, గంట మ్రోగినను ఆపక, మైకు కట్టివేసినను ఆపక మాట్లాడుచుండగా పోలీసు వచ్చి వెలుపలికి నడిపించెను. తోటివారి బ్రదుకును హీనపరచిన నోరు మర్యాదగలది, నిలువనీడ పోవుచున్నదని వణకిన గొంతు మర్యాద తప్పినది!

ఈ దేశమును తక్కువ చేయుటకు వ్రాయుటలేదు. కులమడుగక, సిఫారసు చూడక, ఎవరికైనను ఊరి పెద్దల ముఖాముఖి మూడు నిమిషములిచ్చు ఏర్పాటు నా చిన్ననాటి ఊరు, నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున కలలోనైన లేదు. అక్కడ అరుగుమీది వారు తలయెత్తి పలుకరించువరకు, పైగుడ్డ నడుమున చుట్టుకొని వీధిలో నిలువవలసినదే.

మాకు చేరువనే గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1వ తేదీన నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణమున టూత్‌పేస్టు వంటి చిల్లర సామాను కొని, రసీదులు దాచుకొని, తెల్లవారికి మాత్రమే వడ్డించు బల్ల యొద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. ఒక బల్ల దగ్గర మా డబ్బు పుచ్చుకొన్నవారు మరియొక బల్ల దగ్గర కాఫీ ఏల ఇయ్యరని అడుగుటకు ఆ రసీదులే సాక్ష్యము. నలిగిన బట్ట లేదు, పెచ్చుమీరిన మాట లేదు; అయినను కాఫీ రాలేదు. జూలై 25వ తేదీన ఆ బల్లమీద మొట్టమొదట భోజనము పొందిన నల్లవారు, అన్నాళ్లును అక్కడనే పనిచేసిన ఉద్యోగులు. ఇంతకన్న మర్యాదగా అడుగుట మనుష్యమాత్రునికి సాధ్యమా? మూడేండ్ల తరువాత బర్మింగ్‌హామ్ చెఱసాలనుండి మార్టిన్ లూథర్ కింగ్ వ్రాసిన లేఖ సయితము, నిరసనలు అదను గానివని మందలించిన ఎనిమిదిమంది తెల్లజాతి మతాచార్యులకు ప్రత్యుత్తరమే. పద్ధతి మార్చుకొన్నకొలది పద్ధతి చాలదనువారు పుట్టుచునే యుందురు.

ఆ పోరాటముల వేడిలోనే 1965లో వలస చట్టము మారి, ఆసియావారికి ఈ దేశపు తలుపు తెరచుకొన్నది. ఆ తలుపునుండియే లోనికి వచ్చి, రెండు కార్ల గరాజు కట్టుకొని, ఆ తలుపు తట్టినవారి చేతులు మొరటువని మనమనుట నాకు సహింపరాకున్నది.

మీ దేశమున రోడ్లకడ్డముపడుటయే గదా రాజకీయమని సహోద్యోగి యొకడన్నప్పుడు మాత్రము నాకు నెల్లూరి రోషము వచ్చినది. గ్రీన్స్‌బరో పిల్లలకును, సారాపై లేచిన మా నెల్లూరి స్త్రీలకును పోలిక కుదరదు. వీరికి కోట్లు లేవు, రసీదులు లేవు, చేతిలో చీపురు, కొంగున కారప్పొడి. 1992లో దూబగుంటలో, అక్షరదీపమను వయోజనుల చదువు బడిలో పలకపట్టిన స్త్రీలు సారా దుకాణము మూయించిరి. వారిని నడిపిన రోశమ్మ పేరు ఊరూర మ్రోగెను. నెల్లూరిలో సారా వేలంపాట సాగనీయక మాటిమాటికి వాయిదా వేయించిరి.

మా వీధిలో పెద్దమ్మ, ఎన్నడును మామగారి యెదుట గడప దాటి నిలువని మనిషి, ఆనాడు పాకెట్ల గోతము నడివీధికీడ్చి కత్తిపీటతో కోసినది. సారా కాలువలోనికి పారుచుండగా అరుగుమీది పంతులుగారు, “చెప్పేది న్యాయమే తల్లీ, ఇట్టా వీధిన పడితే ఎట్టా” అనిరి. ఆయన యింట త్రాగువారు లేరు. కుదువకు పోయిన నగయు లేదు.

“పద్ధతిగా చెప్పి చెప్పి నా పుస్తెలు పోయినాయి పంతులుగారా. ఇంకెట్టా చెప్పమంటారో మీరే చెప్పండి” అని పెద్దమ్మ మరియొక పాకెట్టు తీసినది.

1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ అంతట సారా నిలిచినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో దానిని సడలించునప్పుడు ఎవరును వీధిన పడలేదు, కారము చల్లలేదు. ఉత్తర్వుమీద సంతకము పడినది, బ్రాంది షాపులు తెరచుకొన్నవి. ఆనాడు పద్ధతిని గూర్చి పంతులుగారు ఒక్క మాటయు ననగా నేను వినలేదు.