తొమ్మిదిసార్లే తెరిచారట!

లైబ్రరీ పుస్తకం చేతికి రాగానే చాలామంది మొదట చూసేది అట్ట కాదు, లోపల అతికించిన డేట్ స్లిప్‌ని. వరసగా తేదీల ముద్రలు పడి ఉంటే 'ఇందులో ఏదో ఉంది' అనిపిస్తుంది. చీటీ తెల్లగా ఉంటే పాపం, దాన్ని ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదన్నమాట. లైబ్రేరియన్లకూ చాలాకాలం అదే కొలత. ఇంకో కొలత కూడా ఉండేది. 'చదివిన పుస్తకాలను తిరిగి రాక్‌లో పెట్టకండి, బల్లమీదే వదిలేయండి' అని చాలా లైబ్రరీల్లో బోర్డు కనిపిస్తుంది. పాఠకులు తప్పుచోట పెడతారన్న భయం ఒక్కటే కాదు అందుకు కారణం. సాయంత్రం బల్లమీద మిగిలినవాటిని లెక్కపెడితే ఆ రోజు అక్కడే కూర్చుని ఏమేం చదివారో తెలుస్తుంది.

మరి ఇప్పుడో? కాలేజీలు, యూనివర్సిటీలు తెప్పించే జర్నళ్లలో చాలాభాగం కంప్యూటర్‌లోకి వెళ్లిపోయాయి. పుస్తకాలదీ అదే దారి. డేట్ స్లిప్ లేదు, బల్లా లేదు. విద్యార్థి హాస్టల్ మంచంమీద కూర్చుని అర్ధరాత్రి చదువుకుంటాడు. ఏది ఎంతమేరకు చదివారో లైబ్రరీకి తెలిసేదెలా? ప్రచురణకర్తల సర్వర్లే లెక్కగట్టి నెలలవారీగా చెబుతాయి. వాటినే యూసేజ్ రిపోర్టులు అంటారు. లక్షల రూపాయల చందాలు కట్టాలా, మానేయాలా అన్నది చాలాచోట్ల ఈ కాగితాలే తేలుస్తున్నాయి.

కౌంటర్ అర్థం మారింది

ఒకప్పుడు లైబ్రరీలో కౌంటర్ అంటే పుస్తకాలిచ్చే బల్ల. ఇప్పుడు ఆ పేరుతోనే ఓ సంస్థ ఉంది. ఆన్‌లైన్ జర్నళ్లు వచ్చిన కొత్తలో ప్రచురణకర్తలు ఎవరి పద్ధతిలో వాళ్లు లెక్కపెట్టుకునేవారు. రెండు కంపెనీల రిపోర్టులు పక్కపక్కన పెడితే పోలికే కుదిరేది కాదు. ఆ చిక్కు తీర్చడానికి 2002లో లైబ్రరీలు, ప్రచురణకర్తలు కలిసి 'కౌంటర్' అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న నియమాలు రాసుకున్నారు. వాటి అయిదో కూర్పు 2019 జనవరిలో, దాని సవరణ 2025 జనవరిలో అమల్లోకి వచ్చాయి.

నియమాలు చూస్తే ముచ్చటేస్తుంది. నెట్ నెమ్మదిగా ఉందని ఒకే లింకుని టకటకా రెండుసార్లు నొక్కుతారు చాలామంది. 30 సెకన్లలోపు అలా నొక్కితే ఒక్కసారిగానే లెక్క. వెబ్‌సైట్లను జల్లెడపట్టే రోబో ప్రోగ్రాములు తెరిచినవి లెక్కలోకి రావు. ఒకే వ్యాసాన్ని ముందు తెరమీద చూసి, తర్వాత పీడీఎఫ్‌గా దించుకుంటే ఎలా? మొత్తం వాడకంలో అది రెండు, విడి వాడకంలో ఒకటి. పుస్తకాలది ఇంకో చిక్కు. ఒక కంపెనీ పుస్తకమంతా ఒకే ఫైలుగా ఇస్తుంది, మరొకటి అధ్యాయాలుగా విడగొట్టి ఇస్తుంది. పది అధ్యాయాలు చదివితే మొదటిచోట ఒకటి, రెండోచోట పది! అందుకే ఎన్ని అధ్యాయాలు తెరిచినా పుస్తకాన్ని ఒక్కటిగానే చూపే అంకె కూడా ఇప్పుడు విడిగా ఇస్తున్నారు.

వీటన్నిటికంటే విలువైన లెక్క ఇంకొకటుంది. తలుపుదాకా వచ్చి వెనుదిరిగిపోయినవారిది. లైబ్రరీకి చందా లేని జర్నల్‌ని తెరవబోయి ఆగిపోయినవాళ్లు ఎందరు? ఒకేసారి ఒక్కరే చదవగలిగే ఈ-పుస్తకం కోసం వచ్చి, అప్పటికే వేరొకరు తెరిచి ఉండటంతో ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు ఎందరు? డేట్ స్లిప్ ఎన్నడూ చెప్పని సంగతి ఇది.

పట్టిక చివరి వరస

కోస్తాలోని ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. అక్కడి లైబ్రేరియన్‌కి ఇరవయ్యేళ్ల సర్వీసు. కార్డు కేటలాగులు సర్దిన చేతులే ఇప్పుడు ఎక్సెల్ షీట్లు సర్దుతున్నాయి. జర్నళ్ల చందాలు చాలావరకు డిసెంబరుతో ముగుస్తాయి కాబట్టి నవంబరు వచ్చిందంటే ఆవిడకి కంటినిండా నిద్ర ఉండదు. ఓ ఏడాది యాజమాన్యం లైబ్రరీ బడ్జెట్లో పావువంతు కోసేసింది. ఏవి మానేయాలో పట్టిక వేసుకురమ్మన్నారు ప్రిన్సిపాల్.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఏడాది చందాని వాడకంతో భాగిస్తే ఒక్కోసారికి ఎంత పడిందో వస్తుంది. పట్టికలో మొదటి జర్నల్ చందా 1,20,000 రూపాయలు. వాడకం 2,400 సార్లు. అంటే ఒక్కోసారికి 50 రూపాయలు. టీ, టిఫిను ఖర్చు! పట్టిక చివర ఉంది రంగుల అద్దకం గురించిన జర్నల్. చందా 90,000. వాడకం 9. అంటే ఒక్కోసారికి పదివేలు!

''ఏడాదికి తొమ్మిదిసార్లు తెరిచేదానికి తొంభై వేలా? ఇంకా ఆలోచించేదేముంది మేడమ్, తీసేయండి'' అన్నారు ప్రిన్సిపాల్. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆవిడ మాత్రం రెండురోజులు గడువు అడిగారు.

రిపోర్టులో పాఠకుల పేర్లుండవు. ఉండకూడదు కూడా. ఎవరేం చదివారన్నది వారి సొంత విషయం. ఆవిడ నెలలవారీ అంకెలు తీసి చూశారు. మొదటి ఏడు నెలలూ సున్నాలే. ఆగస్టులో 4, సెప్టెంబరులో 3, అక్టోబరులో 2. అంటే ఆగస్టులో ఎవరో కొత్తగా పని మొదలుపెట్టారు. ఎవరై ఉంటారు? లేచి కెమికల్ ఇంజినీరింగ్ విభాగానికి నడిచారు. ఆ జర్నల్ మానేయబోతున్నామని, ఎవరికైనా అవసరం ఉంటే చెప్పమని అడిగారు. ఓ ఎం.టెక్. అమ్మాయి గబగబా లేచి నిలబడింది.

ఆ అమ్మాయిది పెడన. ఇంట్లో కలంకారీ అద్దకం పని. కరక్కాయ, పటిక పట్టించిన గుడ్డమీద సహజరంగు ఎన్ని ఉతుకులదాకా నిలుస్తుంది, ఇంకా నిలవాలంటే ఏం చేయాలి... ఇదీ ఆమె ప్రాజెక్టు. ''ఏ రంగు నిలుస్తుందో మా నాన్న చూడగానే చెప్పేస్తాడు మేడమ్. ఎందుకు నిలుస్తుందో కాగితంమీద చూపించాలంటే నాకు ఆ జర్నలే దిక్కు'' అంది. ఆ తొమ్మిది వ్యాసాలూ తెరిచింది తనే. ఇంకో ఆరు చదవాలట. ''నిజంగానే తీసేస్తున్నారా మేడమ్?'' అని అడిగింది. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేకపోయారు.

తిరిగొచ్చి, ఈసారి మొదటి వరసలోని జర్నల్ సంగతి చూశారు. 2,400లో 1,800 ఒక్క సెప్టెంబరులోనే! వాకబు చేస్తే అసలు విషయం బయటపడింది. సెమినారుకి పనికొస్తాయని సార్ చెప్పడంతో 60 మంది విద్యార్థులు ఒక్కొక్కరూ 30 వ్యాసాల చొప్పున దించుకున్నారు. ''చదివారా?'' అంటే నవ్వులు. ''ఫోల్డర్లో ఉన్నాయి మేడమ్!'' మిగిలిన 600లోనూ 200 వ్యాసాలు చందాతో పనిలేకుండా లోకంలో ఎవరైనా ఉచితంగా చదవగలిగేవి. ఇక మిగిలింది 400. ఆ లెక్కన ఒక్కోసారికి 300 రూపాయలు. అప్పటికీ ఫరవాలేదు. కానీ 50కీ 300కీ తేడా ఉందిగా!

వెనుదిరిగినవారి లెక్క కూడా తీశారు. కాలేజీకి చందాయే లేని ఓ జర్నల్ తలుపు ఆ ఏడాది 140 సార్లు తట్టారు. ఒక్కరికే లైసెన్సు ఉన్న ఓ ఈ-పుస్తకం పరీక్షల నెలలో 65 సార్లు 'ఖాళీ లేదు' అంది.

రెండురోజుల తర్వాత ప్రిన్సిపాల్ బల్లమీద పెట్టిన పట్టికలో అంకెల పక్కన మాటలు కూడా ఉన్నాయి. ఆయన చదివారు. రంగుల అద్దకం జర్నల్ చందా మానేయాలనే తేలింది. అయితే ఆ సొమ్ములోంచే 15,000 రూపాయలు పక్కన పెట్టి, ఆ అమ్మాయికి కావాల్సిన వ్యాసాలు విడివిడిగా కొనాలని, కుదిరితే డెల్నెట్ ద్వారా వేరే లైబ్రరీల నుంచి తెప్పించాలని నిర్ణయించారు. ఈ-పుస్తకానికి అదనంగా లైసెన్సులు తీసుకున్నారు. 140 సార్లు అడిగిన జర్నల్ కొత్త జాబితాలో చేరింది.

ఆ అమ్మాయికి ఆరు వ్యాసాలూ అందాయి. కాకపోతే ఒక్కోదానికి రెండుమూడు రోజులు పట్టింది. అంతకుముందు రెండు నిమిషాల్లో తెరుచుకునేవి. ఆ ఎదురుచూపు ఏ రిపోర్టులోనూ పడలేదు.

లెక్కల మాస్టారి మాట

అంకెలు లైబ్రరీలకు కొత్తకాదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1969లో కొన్న పుస్తకాల జాతకాన్ని 1975 దాకా పరిశీలిస్తే, దాదాపు 40 శాతం పుస్తకాలను ఒక్కసారి కూడా ఎవరూ తీసుకెళ్లలేదని తేలింది. 1979లో అచ్చయిన ఆ అధ్యయనం పెద్ద దుమారమే రేపింది. మరీ ఇటీవల, 2020లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ ఎల్సెవియర్ కంపెనీవారి వేల జర్నళ్ల ప్యాకేజీని వదిలేసి 248 మాత్రమే ఉంచుకుంది. అలాంటి నిర్ణయాలకు వాడకం లెక్కలే పునాది. లెక్కలే లేకుంటే కంపెనీ చెప్పిన ధర కట్టడం తప్ప లైబ్రరీకి వేరే దారి ఉండదు.

భారతీయ గ్రంథాలయశాస్త్రానికి ఆద్యుడు ఎస్.ఆర్.రంగనాథన్ కూడా మొదట లెక్కల మాస్టారే. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయ్యారు. 1931లో అయిదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకం ఉన్నది వాడటానికేనన్నది మొదటిది. లెక్కలు చెప్పేదీ అదే. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ప్రతి పాఠకుడికీ తనకు కావాల్సిన పుస్తకం దొరకాలన్నది రెండో సూత్రం. ప్రతి పుస్తకాన్నీ దాని పాఠకుడి దగ్గరికి చేర్చాలన్నది మూడోది. పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది నాలుగోది. పెడన అమ్మాయి పడిన రెండుమూడు రోజుల ఆలస్యం ఈ నాలుగో సూత్రానికి సంబంధించిందే. లెక్కల్లో ఆరితేరిన మనిషి ప్రతి సూత్రం వెనకా పాఠకుణ్ని నిలబెట్టడం గమనించాల్సిన సంగతి.

ఆరువేల కోట్ల చందా

ఇప్పుడు ఈ లెక్క ఒక్క కాలేజీది కాదు, దేశానిది. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025, 2026, 2027... ఈ మూడేళ్లకు కేటాయింపు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000. వాటిని చదవగలిగేది 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థల్లోని సుమారు కోటీ 80 లక్షలమంది. ప్రైవేటు కాలేజీలు మొదటిదశలో లేవు. ఈ జర్నళ్ల వాడకాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించే బాధ్యతను అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కి అప్పగించారు.

అందరూ కలిసి కొనడంలో ఓ మేలుంది. ఒక కాలేజీలో తొమ్మిదిసార్లే తెరిచిన జర్నల్‌ని దేశంలో 500 కాలేజీలు తొమ్మిదేసిసార్లు తెరిస్తే 4,500 అవుతుంది. విడివిడిగా దండగ అనిపించింది కలిపి చూస్తే దండగ కాదు. కానీ అప్పుడు కూడా పట్టికకి ఓ చివరి వరస ఉంటుంది. దాన్ని కొట్టేసేముందు ఆ తొమ్మిదిసార్లూ తెరిచిందెవరో, ఎందుకో వెళ్లి అడిగే మనిషి ఒకరుండాలి. ఎక్కడ అడగాలో చెప్పడమే అంకె పని. అడగడం మాత్రం మనిషి పనే.

ఇంట్లో కాలేజీకెళ్లే పిల్లలున్నవారు వాళ్ల చెవిన వేయాల్సిన మాటలు రెండున్నాయి. ఒకరు వ్యాసాన్ని దించుకుని వాట్సాప్‌లో నలభైమందికి పంపితే లెక్కలో పడేది ఒక్కటే. అవసరమైనవాళ్లు కాలేజీ లాగిన్‌తో ఎవరికి వాళ్లు తెరుచుకుంటేనే ఆ జర్నల్ అవసరం లైబ్రరీకి తెలుస్తుంది. ఇక, కావాల్సింది తెరుచుకోకపోతే ఊరుకోకుండా వెళ్లి లైబ్రేరియన్‌కి ఓ మాట చెప్పాలి. వెనుదిరిగినవారు ఎందరో రిపోర్టు చెబుతుంది. ఎందుకొచ్చారో చెప్పాల్సింది వాళ్లే!