కుప్పము కొండల నడుమ మూడు వారములు

పరీక్షలు ముగిసిన పిదప ఇంటర్న్‌షిప్ అను పేరిట ఏదేని ఒక సంస్థలో మూడు వారములు గడపి రావలెనని కళాశాలవారు ఆజ్ఞాపింపగా, తోడి విద్యార్థులందఱును బెంగుళూరు, హైదరాబాదు నగరములలోని కంప్యూటరు కార్యాలయముల త్రోవ పట్టిరి. భౌతికశాస్త్రము చదువుకొన్న పాపమున నేనొక్కడనే, పల్లెటూరి పిల్లలచేత ప్రయోగములు చేయించి విజ్ఞానము నేర్పుచున్న అగస్త్య విద్యాకేంద్రమునకు కుప్పము టిక్కెట్టు కొని తిరుపతిలో రైలెక్కితిని.

ఆంధ్రదేశమునుండి ఆంధ్రదేశమునకే పోవుటకు తమిళదేశము మీదుగా పోవలసియుండుట ఈ మార్గమందలి వింత. పాకాల, చిత్తూరు దాటి కాట్పాడి చేరునప్పటికి స్టేషను పలకలపై తెలుగు మాయమయ్యెను. ఆంబూరు దాటిన పిమ్మట పాలాఱు కనబడినది గాని, అందు పాలును లేవు, ఆఱును లేదు. ఇసుక మాత్రమే ఎండలో మెఱయుచుండెను. నందికొండలలో జన్మించి, మా చిత్తూరు జిల్లాలో సుమారు 33 కిలోమీటర్లు మాత్రము నడచి తమిళనాట ప్రవేశించు ఈ నదిలో నీటికన్న నీటిని గూర్చిన తగవులే ఎక్కువ. జోలార్‌పేట వద్ద బెంగుళూరు దారికి మళ్ళిన బండి కొండల నడుమ రొప్పుచు ఎగబ్రాకి, తెలుగు పలకలను మరల చూపించి, నన్ను కుప్పమున దింపెను. స్టేషను వెలుపలి టీ అంగడివాడు నాతో తెలుగున మాటలాడి, చిల్లరను తమిళమున లెక్కించి, దారికడ్డముగా నిలిపిన లారీ డ్రైవరును కన్నడమున కసరెను. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును స్థాపించినవారు ఈ ఊరినే ఏల ఎంచుకొనిరో ఆ ఒక్క టీతో నాకు బోధపడినది.

గుడుపల్లె మండలమున, గుడివంక గ్రామము చెంత 172 ఎకరములలో ఆ విద్యాకేంద్రము విస్తరించియున్నది. లండనులో బ్యాంకు ఉద్యోగము చేసి స్వదేశమునకు మరలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ గారు 1999లో సంస్థను నెలకొల్పిరి, అణుశాస్త్రవేత్త పి.కె. అయ్యంగారు వంటి పెద్దలు దానికి తోడ్పడిరి. ఒకప్పుడు బండలును బోడినేలయునై ఉండిన చోట కట్టలు వేసి, వాననీటిని నిలిపి, చెట్లు పెంచగా నేడది పక్షుల కలకలముతో నిండియున్నది. ఇక్కడికి రాలేని పిల్లల బడులకు ప్రయోగసామగ్రిని వ్యానులమీదను మోటారు సైకిళ్ళమీదను పంపుదురు. వింధ్యను వంచి దక్షిణమునకు వచ్చిన ముని పేరు పెట్టుకొన్న సంస్థకు ఈ సంచారము తగియేయున్నది. గణితోద్యానమును, నక్షత్రశాలను వర్ణింప పూనుకొన్నచో నా అసలు కథ వెనుకబడును గనుక వానిని విడిచిపెట్టుచున్నాను.

రెండవ వారమున సమీప గ్రామపు బడిపిల్లలు వరుసగా రెండు దినములు వచ్చిరి. వారికి లోలకమును చూపు పని నాకు అప్పగింపబడినది. ఆషాఢపు గాలి వెలుపల దారమును నిలువనీయకుండుటచే అందఱమును గదిలో చేరితిమి. "బరువు ఎంతైనను ఊగుటకు పట్టు కాలము మాఱదు, దారపు పొడవే దానిని నిర్ణయించును" అని పాఠ్యపుస్తకమువలె పలికి, అర మీటరు దారము రెండు తునకలు కోసి, ఒకదానికి గులకరాయిని, మఱియొకదానికి పిల్లలు ఎక్కడినుండియో ఏఱి తెచ్చిన జానెడు గ్రానైటు పలుకును, ఆ రాతి కొసన ముడివేసి, వ్రేలాడదీసితిని. ఇరువది ఊపులకు గులకరాయికి 29 సెకనులు పట్టినవి. పెద్దరాయికి 31 పట్టినవి.

"లెక్క తప్పినారు" అంటిని. చెవులకు వేపపుల్లలు పెట్టుకొన్న ఏడవ తరగతి బాలిక ఒకతె నా వంక చూచి, "రెండుసార్లు ఎంచినాము సార్. రెండుసార్లూ ముప్పై ఒకటే వచ్చె" అనెను. మూడవసారి నేనే ఎంచితిని, ముప్పదియొకటియే. గాలి నిరోధమనియో, ముడి జాఱినదనియో ఏమేమో చెప్పి, ప్రక్కబల్లమీది అయస్కాంతములకు వారిని మళ్ళించితిని. ఆ రాత్రి వసతిగదిలో నాకు నిద్ర సరిగా పట్టలేదు.

మఱునాడు నేను పోవునప్పటికే ఆ బాలిక రెండు రాళ్ళను ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి, పెద్దరాయి దారమును పొట్టిచేసి, దాని నడుమభాగము గులకరాయితో సమముగా ఉండునట్లు ముడివేయుచుండెను. ఈసారి రెంటికిని ఇరువదితొమ్మిదియే వచ్చినది. "పెద్దరాయికి నిన్న దారమొక్కటే కొలిచితిమి సార్. రాయి కూడా ఊగతాది కదా, దాని పొడుగు యాడికి పోతాది?" అని ఆమె అడిగెను.

లోలకపు పొడవనగా ఆధారబిందువునుండి గోళపు గరిమనాభి వఱకు గల దూరమని ఇంటర్మీడియటులో నేను వ్రాసిన వాక్యము అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ వాక్యమునకు పూర్తి మార్కులు కూడ పడినవి! వ్రాసిన నాడు నా మనస్సులో రాయియు లేదు, దారమును లేదు. ఆమె కన్నులలో విజయగర్వము లేకుండుట నన్ను మఱింత సిగ్గుపఱచినది; ఆమెకు నన్ను ఓడింపవలెనను తలంపే లేదు, ఆ రెండు సెకనులు ఎక్కడ దాగినవో కనుగొనుటయే ఆమెకు కావలసియుండెను. తప్పు నాదని పిల్లలందఱి యెదుట చెప్పితిని. వారు దానిని పెద్ద విశేషముగా ఎంచక, ఈసారి చెప్పును కట్టి ఊపుదమా అని అడిగిరి. కట్టితిమి. చెప్పు నడుమభాగము ఎక్కడనో తేల్చుటకే ఆ పూట అంతయు పట్టినది.

తిరిగివచ్చి కళాశాలకు సమర్పించిన నివేదికలో 29, 31 అను అంకెలను కొట్టివేయక అట్లే యుంచి, వాని దిగువ మఱునాటి లెక్కను చేర్చి, మొదటి కొలత దోషము నాదనియు, దానిని సరిదిద్దినది ఏడవ తరగతి బాలిక యనియు వ్రాసితిని. నివేదికకు 20కి 14 మార్కులు వచ్చినవి.