తులూమ్ ప్రాకారం

మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పపు తూర్పు తీరాన, కరీబియన్ సముద్రానికి సుమారు 12 మీటర్ల ఎత్తున, సున్నపురాతి కొండచరియ అంచున తులూమ్ శిథిలాలున్నాయి. మూడు వైపులా రాతి ప్రాకారం, నాలుగో వైపు సముద్రం. యుకటాన్ మాయా భాషలో తులూమ్ అంటే ప్రాకారమనే అర్థం. నగరం పాడుబడిన తర్వాత వచ్చిన పేరిది. పూర్వనామం ‘సామా’ అనీ, అది ఉషోదయాన్ని సూచిస్తుందనీ పండితుల ఊహ.

చిచెన్ ఇట్జాను చూసి వచ్చిన యాత్రికునికి ఈ కట్టడాలు మొదట కురచగా, మోటుగా కనిపిస్తాయి. కొన్ని గోడలు పైకి పోయేకొద్దీ వెలుపలికి వాలి, ఒరిగిపోతాయేమోనన్న భ్రమ కలిగిస్తాయి. అయితే తొందరపడి తీర్పు చెప్పరాదు. ఒక చిన్న ఆలయ ద్వారంపైన తలక్రిందులుగా దిగివస్తున్న దేవతామూర్తి ఉంది: పాదాలు ఆకాశం వైపు, చేతులు నేల వైపు. అస్తమించే సూర్యుడని కొందరు, శుక్రగ్రహమని కొందరు, తేనెటీగల దేవుడని మరికొందరు అంటారు. తేనె, మైనం ఆనాటి యుకటాన్ వర్తకపు సరకులు కనుక చివరి అభిప్రాయాన్ని త్రోసిపుచ్చడానికి వీలులేదు.

నిజానికి వర్తకమే ఈ రేవుపట్టణానికి ప్రాణం. 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం వరకు దానికి మంచి రోజులు. గ్వాటెమాలా కొండలలో పుట్టిన నల్లని గాజురాయి ఇక్కడి తవ్వకాలలో దొరికింది. పగడపు దిబ్బల నడుమనున్న సందు గుండా పడవలు కొండచరియ క్రింది ఇసుకతీరానికి చేరేవి. 1518లో గ్రిహాల్వా నాయకత్వాన స్పెయిన్ నౌకలు ఈ తీరం వెంబడి సాగాయి. ఆ శతాబ్దం ముగిసేలోగా, వారివెంట వచ్చిన వ్యాధుల తాకిడికి నగరం ఖాళీ అయింది.

1842లో స్టీఫెన్స్, చిత్రకారుడు కాథర్‌వుడ్ ఇక్కడికి వచ్చి, అడవి కమ్మిన కట్టడాలను ప్రపంచానికి పరిచయం చేశారు. ‘అంతరించిన జాతి’ అన్న మాట యాత్రిక సాహిత్యంలో ఇటువంటి చోట్ల తరచు వినవస్తుంది. చరిత్ర చదివినవారికి మింగుడుపడని మాట ఇది. 1847లో యుకటాన్ మాయాలు తిరుగుబాటు చేశారు. తూర్పు అడవులను 1901 వరకు చాలామటుకు తమ ఏలుబడిలోనే నిలుపుకున్నారు. ‘మాట్లాడే శిలువ’ వారి ఆరాధ్యం. 1870ల ఆరంభంలో ఆ ఆరాధనకు తులూమ్ ఒక కేంద్రం. మరియా ఉయికాబ్ అనే స్త్రీ దానికి అధినేత్రి. పురాతత్త్వవేత్తలు మృతనగరమని వ్రాసుకున్న చోటే ఆమె పేరు చెల్లుబడి అయింది.

2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో 7 లక్షల 70 వేలకు పైగా జనం యుకటాన్ మాయా భాష మాట్లాడుతున్నారు. 2023లో తులూమ్ సమీపాన విమానాశ్రయం ప్రారంభమైంది. శిథిలాలకు కొద్ది దూరంలోని నేటి పట్టణంలో ఆ శిలువకు మాయాల ఆలయం ఉంది. ప్రాకారం చూసి తిరిగివెళ్ళేవారిలో అటువైపు అడుగుపెట్టేవారు తక్కువ.