అమ్మీ కమ్రాకు పిస్తా రంగు

కాటారంలో మా ఇంటికి రంగులు వేయించే జిమ్మేదారీ ఈసారి నా మీద పడింది. ఖర్చు మాత్రం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేసే తమ్ముడిది. గోడలు, దర్వాజాలు, చౌకట్లు అన్నీ ఆఫ్‌వైట్ అన్నాడు. కాళేశ్వరం దిక్కు పోయే లారీల దుమ్ముకు అది ఎన్నాళ్లుంటుందో వాడికేం తెలుసు! అమ్మీని అడిగితే ఒక్కటే మాట: "మేరె కమ్రె కు పిస్తా రంగ్ లగాదేవ్ బేటా."

తమ్ముడికి ఫోన్ చేశాను. కాసేపు ఆగి, "భాయ్, నేనొస్తే మీటింగులన్నీ ఆ కమ్రాలోంచే. సిగ్నల్ అక్కడే వస్తది. వెనక హరా గోడ కనిపిస్తే... ఎందుకులే" అన్నాడు.

ఆ 'ఎందుకులే' నాకు అర్థమైంది. పేరు చెప్పగానే ఇల్లు కిరాయికి లేదన్న మాట వాడూ విన్నాడు, నేనూ విన్నాను. పేరు ఎలాగూ దాచుకోలేం, గోడనైనా దాచుకుందామని వాడి ఫికర్.

మా చిన్నప్పుడు ఈ ఫికర్ లేదు. రంజాన్‌కు ముందు అబ్బా సున్నపురాయి తెచ్చి గోళెంలో వేసి నీళ్లు పోస్తే బుసబుసా ఉడికేది. మర్నాడు గుడ్డలో వడగట్టి చిటికెడు నీల్ కలిపేవారు. సున్నంలోని పసుపుచాయను నీలం అణచి, తెలుపును ఇంకా తెల్లగా చూపిస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. గోడ అడుగున మూరెడెత్తు జాజు. పక్కింటివాళ్లదీ అదే సున్నం, అదే జాజు. వాళ్లు దసరాకు వేస్తే మేం రంజాన్‌కు వేసేవాళ్లం. పిస్తా రంగు ఒక్క తాక్‌కే. అందులో జుజ్దాన్‌లో చుట్టిన ఖురాన్ షరీఫ్ ఉండేది.

దుకాణంలో షేడ్ కార్డు తిప్పాను. అన్నిటికీ నంబర్లే. ఉర్దూ మీడియంలో నేను నేర్చుకున్న రంగులు బాదామీ, జామునీ, ఆస్మానీ, సుర్మయీ. డిగ్రీలో తెలుగు చదివితే అక్కడా చిలకపచ్చ, వంగపండు రంగు, గంధం రంగు. పేరు వింటేనే కళ్లముందు కనబడేవి. ఏమీ తేల్చుకోలేక ఇంటికొచ్చాను.

పుట్టీ, ప్రైమర్ అయిన రోజు ఇల్లంతా ఒకటే తెలుపు. అమ్మీకి అప్పటికే మోతియాబింద్. తెల్లగోడలో తెల్ల చౌకట్ కనబడక నుదురు కొట్టుకుంది. కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళితే, మోతియా వచ్చిన కంటికి రంగులు వెలిసిపోయి కనిపిస్తాయని చెప్పారు. పెద్దవాళ్లుండే ఇంట్లో గోడకూ చౌకట్‌కూ, గోడకూ స్విచ్‌బోర్డుకూ రంగులో బాగా ఫరక్ ఉండాలట.

ఇక తమ్ముడిని అడగలేదు. ఆ కమ్రా గోడలకు లేత పిస్తా, చౌకట్‌కు, స్విచ్‌బోర్డు చుట్టూ ముదురు ఉన్నాబీ. ఒకటే కిటికీ కాబట్టి వెలుతురు పరుచుకునేలా ఛత్‌కు తెలుపే ఉంచాను. మిగతా ఇల్లు వాడన్నట్టే ఆఫ్‌వైట్.

బక్రీద్‌కు తమ్ముడొచ్చాడు. అమ్మీకి అప్పటికి ఆపరేషన్ అయింది. ఆమె పలంగ్ పక్కనే కుర్చీ వేసుకుని లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద వాడి ముఖం సాఫ్‌గా ఉంది. వెనకంతా మసక. అమ్మీ తొంగిచూసింది.

"మేరె దీవార్ కు క్యా హువా రే? మోతియా ఫిర్ సే ఆగయా క్యా?"

తమ్ముడు నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు.

"నై అమ్మీ, ఆప్ కే ఆంఖా ఠీక్ హై" అన్నాడు.